హోసూరు, బళ్లారి నగర పాలక ఎన్నికలు: అభ్యర్థి సన్నాహం ఎప్పుడు మొదలు కావాలి?

తమిళనాడులోని హోసూరు, కర్ణాటకలోని బళ్లారి నగరాల పాలక మండళ్లు రెండూ 2022 మార్చిలోనే కొలువుదీరాయి. రాజ్యాంగం 243-యు అధికరణం ప్రకారం పాలక మండలి గడువు తొలి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి ఐదేళ్లు. ఆ లెక్కన ఈ రెండింటి పదవీకాలం 2027 మార్చితో పూర్తవుతుంది. తరతరాలుగా తెలుగువారు స్థిరపడిన ఈ ఊళ్లలో వార్డు సభ్యత్వానికి పోటీ చేయదలచినవారు ఎన్నికల ప్రకటన కోసం ఎదురుచూడటం పరిపాటి. గత ఎన్నికల తేదీలను పరిశీలిస్తే, ప్రకటన వెలువడే నాటికే సగం పోటీ ముగిసిపోతుందని అర్థమవుతుంది.

2022లో తమిళనాడు పట్టణ స్థానిక ఎన్నికల ప్రకటన జనవరి 26న వెలువడింది. నామినేషన్లు 28న మొదలై ఫిబ్రవరి 4తో ముగిశాయి. ఉపసంహరణకు 7వ తేదీ గడువు. పోలింగు 19న జరిగింది. పార్టీ అభ్యర్థికి గుర్తు ముందే ఉంటుంది. స్వతంత్ర అభ్యర్థికి మాత్రం ఉపసంహరణ గడువు ముగిసిన తరువాతనే గుర్తు ఖరారవుతుంది. అంటే ఆ గుర్తును ఇంటింటికీ పరిచయం చేయడానికి మిగిలినవి పది పన్నెండు రోజులు. అంతకు ముందే ఆ వీధులలో తెలిసిన ముఖమైతే తప్ప ఈ వ్యవధిలో గెలుపు దుర్లభం.

అయినప్పటికీ స్వతంత్రులు గెలిచారు. హోసూరులోని 45 వార్డులలో డీఎంకేకు 21, అన్నాడీఎంకేకు 16, కాంగ్రెస్, పీఎంకే, భాజపాలకు ఒక్కొక్కటి దక్కగా, 5 వార్డులలో స్వతంత్రులు విజయం సాధించారు. సగం దాటాలంటే 23 కావాలి. అతి పెద్ద పక్షానికీ ఆ సంఖ్య లేదు. డీఎంకేకు చెందిన ఎస్.ఎ. సత్య మేయరయ్యారు గాని, ఆ పార్టీ ఇతరుల మద్దతు లేకుండా సొంత బలంతోనే ఆ పీఠాన్ని దక్కించుకోగల స్థితిలో లేదు. 2021 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగిన బళ్లారిలోనూ స్వతంత్రులు ఐదుగురే గెలిచారు. అక్కడ 39 వార్డులలో కాంగ్రెస్‌కు 21, భాజపాకు 13 రావడంతో స్పష్టమైన ఆధిక్యం ఏర్పడింది. ఐదుగురు సభ్యుల విలువ ఒక సభలో ఒక తీరుగా, మరొక సభలో మరొక తీరుగా ఉంటుంది. స్వతంత్రునిగా నిలవాలా, పార్టీ టికెట్టు కోరాలా అని ఆలోచించేవారు ఈ తేడాను గమనించాలి.

రెండవ అంశం రిజర్వేషను. షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా దామాషాలోను, మహిళలకు కనీసం మూడవ వంతు స్థానాలను 243-టి అధికరణం నిర్దేశించింది. తమిళనాడు 2016లో మహిళల వాటాను సగానికి పెంచింది. ఏ వార్డు ఎవరికన్నది మారుతూ ఉంటుంది. ఐదేళ్లు ఒక వార్డునే నమ్ముకొని పనిచేసిన వ్యక్తికి చివరి క్షణంలో అది తనది కాదని తెలియవచ్చు. అప్పుడు భార్యనో తల్లినో నిలబెట్టి తాను పెత్తనం చేయడం అనేక చోట్ల కనిపించే ఆనవాయితీ. అది రిజర్వేషను ఉద్దేశాన్నే నీరుగార్చుతుంది. తెలుగు కుటుంబాలు తమ ఆడపడుచులను ముందునుంచే సభలకు, అర్జీల పనికి అలవాటు చేస్తే ఈ దుస్థితి తప్పుతుంది. పోటీకి కావలసిన కనీస వయసు 21 ఏళ్లే. 2023 మార్చిలో బళ్లారి మేయరుగా ఎన్నికైన డి. త్రివేణి వయసు అప్పటికి 23 సంవత్సరాలు.

మూడవది ఓటర్ల జాబితా. స్థానిక ఎన్నికల జాబితాకు శాసనసభ నియోజకవర్గ జాబితాయే ఆధారం. తమిళనాడులో 2025 నవంబరులో ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. కనుక తన పేరే కాక, తన వీధివారి పేర్లు సరైన వార్డులో ఉన్నాయో లేవో చూసుకోవడం అభ్యర్థి తొలి విధి. మత్తిగిరి, జూజువాడి, మూకండపల్లి వంటి పూర్వపు గ్రామాలు నగరంలో కలిసిన హోసూరులో ఈ జాగ్రత్త మరీ అవసరం. పన్ను బకాయిలు తీర్చి రసీదు భద్రపరచుకోవాలి. నగర పాలక సంస్థ కాంట్రాక్టులతో ఆర్థిక సంబంధం ఉంటే అనర్హత ప్రశ్న తలెత్తుతుంది. ఇవి నామినేషను పరిశీలన రోజున సరిదిద్దుకోగలిగేవి కావు.

ఇక భాష. తెలుగు ఓటుతోనే గెలుస్తామన్న ధీమా ఈ ఊళ్లలో చెల్లదు. హోసూరులో ఒకే వీధిలో తమిళం, తెలుగు, కన్నడం వినిపిస్తాయి. పరిశ్రమల కోసం వచ్చిన కొత్తవారు వేరు. సభలో తీర్మానాలు, దస్త్రాలు, ఉత్తర్వులు తమిళంలో నడుస్తాయి; బళ్లారిలో కన్నడంలో నడుస్తాయి. రాజభాషలో దస్త్రం చదవలేని సభ్యుడు గుమాస్తా చెప్పినదే నమ్మాలి. ఇంటి భాషలో గోడు వినలేని సభ్యునికి ముసలివారి బాధ సగమే చేరుతుంది. రెండు భాషలూ వచ్చిన తెలుగు అభ్యర్థికి ఉన్న నిజమైన బలం ఇదే.

తెలుగు బడి తెస్తామన్న వాగ్దానాన్ని మాత్రం ఓటరు జాగ్రత్తగా తూచాలి. తమిళనాడు పాఠశాలలలో తమిళాన్ని తప్పనిసరి చేసినది 2006 నాటి రాష్ట్ర చట్టం. దానిని మార్చే అధికారం వార్డు సభ్యునికి లేదు. సభలో తీర్మానం ప్రతిపాదించగలడు, ప్రభుత్వానికి విన్నవించగలడు, అంతే. మంచినీరు, మురుగు కాలువ, చెత్త, వీధిదీపం, ఇంటి పన్ను మదింపు అతని ప్రత్యక్ష పరిధిలోని విషయాలు. తమిళనాడు 2022లో వార్డు కమిటీలకు, ఏరియా సభలకు నియమాలు ప్రకటించింది. ఆ సభలను క్రమంగా జరిపిస్తానని చెప్పే అభ్యర్థి తాను చేయగలిగినదే చెబుతున్నట్లు.

అసలు ఎన్నికలే సకాలంలో జరగకపోతే ఈ సన్నాహమంతా వృథా. తమిళనాడులో 2011లో ఎన్నికైన పట్టణ పాలక మండళ్ల గడువు 2016లో ముగిసింది. తరువాతి మండళ్లు 2022లో గాని రాలేదు. ఐదేళ్లకు పైగా హోసూరును అధికారులే పాలించారు. బళ్లారిలో 2021లో గెలిచినవారు మేయరు ఎన్నిక కోసం దాదాపు పదకొండు నెలలు నిరీక్షించారు. యానాం పరిస్థితి మరింత విచారకరం. పుదుచ్చేరిలో 38 ఏళ్ల తరువాత 2006లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఆ సభల గడువు 2011లో తీరింది. 2021లో ఎన్నికలు ప్రకటించి కూడా జరపలేదు. గడువు ముగియక ముందే ఎన్నికలు జరపడం తప్పనిసరి అని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే స్పష్టం చేసింది.

అందువల్ల హోసూరు, బళ్లారి పౌరులు, కాబోయే అభ్యర్థులు నేటి నుంచే మూడు పనులు చేయవలసి ఉన్నది. వార్డుల హద్దులు, రిజర్వేషన్ల ముసాయిదా వెలువడినపుడు నిర్ణీత గడువులోగా లిఖితపూర్వకంగా అభ్యంతరాలు తెలపాలి. ఓటర్ల జాబితాను వీధివారీగా సరిచూడాలి. ఎన్నికలు వాయిదా పడే సూచన కనబడితే రాష్ట్ర ఎన్నికల సంఘానికి సామూహికంగా విన్నవించాలి. పార్టీలు టికెట్లు ఎవరికి ఇస్తాయోనన్న చర్చ ఆ తరువాతి మాట.