పేర్లు తీసేసిన పద్దులు

ఈ శ్రావణ సంచికలో మా అవ్వ రాసుకున్న పుస్తకంలోంచి కొన్ని పేజీలు వేస్తున్నాం. ఆమెది ఉరుకుంద. డైరీ అన్నామని తెలిస్తే నవ్వి ఉండేది. అది ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దు పుస్తకం. నాలుకతో తడిచేసి రాసే ఊదారంగు పెన్సిలుతో రాసింది. చెమ్మకు సగం పేజీల్లో రంగు పాకింది. ఎవరికి ఎన్ని సేర్ల జొన్నలు బదులిచ్చింది, ఏ ఎద్దు మేత ముట్టలేదు, వాన ఎన్నాళ్లకు పడింది, ఇవే. తాత పోయిన నాటి పద్దులో కూడా కట్టెలు, కొత్తగుడ్డ, బొరుగులు.

శ్రావణంలో మాత్రం రాత చిక్కబడుతుంది. సోమవారం, గురువారం వస్తే రాయచూరు, బళ్లారి వైపు నుంచి మా ఊరి ఈరన్నస్వామికి మొక్కులున్నవాళ్ల బండ్లు దిగేవి. ఇంట్లో ఎంతమంది తిన్నారు, భక్ష్యాలకు శనగబేడలు ఎన్ని సేర్లు పోసింది, బెల్లం ఎవరింటి నుంచి తెచ్చింది, అన్నీ ఉన్నాయి. దేవుడి మాట ఎక్కడా లేదు. బహుశా తీరిక దొరకలేదు.

మా ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరేదాకా బళ్లారి జిల్లాలోది. అవ్వ చేతిరాతకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఆమె తలకట్టు కన్నడంలో మాదిరి అడ్డగీతే, చివరిదాకా. 1957లో నయాపైసలు వచ్చినా చాలాకాలం అణాల్లోనే లెక్క కట్టింది. తుంగభద్ర దిగువ కాలవ నీళ్లు పారాక పద్దుల్లోకి వరి వచ్చింది, కానీ గుర్రెల్ల పొడి, జొన్నరొట్టె పోలేదు. భాష దిద్దుదామని ఒకరిద్దరు అన్నారు. దిద్దలేదు. "సుగ్గికి పోయినారు" అన్నచోట "వలస వెళ్లారు" అని రాస్తే ఏం మిగులుతుంది? సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. మా వైపు అదే పొట్ట చేత పట్టుకుని ఊరు విడవడానికి పేరైంది. కౌతాళం, కోసిగి ఊళ్లనుంచి ఇప్పటికీ గుంటూరు మిరపచేలకు పిల్లాపాపలతో పోతుంటారు. మనం విమానమెక్కి వచ్చిందీ సుగ్గే కదా అన్నాడు మన ప్రవాస సంఘం సభ్యుడొకడు. నేను ఒప్పుకోలేదు. మనం వస్తూ ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎవరికో ఇచ్చి వచ్చాం. సుగ్గికి పోయేవాళ్లు ముసలివాళ్లను ఇంట్లో వదిలిపోతారు.

అసలు ఇబ్బంది పేర్లతో వచ్చింది. బదులు తీసుకున్నవాళ్లు, తీర్చలేనివాళ్లు, తాగివచ్చి కొట్టిన మగడి భయానికి మా గడపలో పడుకున్న ఆడమనిషి, అందరి పేర్లూ రాసింది అవ్వ. వాళ్ల మనవళ్లు ఊళ్లో ఉన్నారు. పేర్లన్నీ తీసేశాం. ఇంకో పేజీలో, కలుపుకు వచ్చిన కూలీలకు గంజి పోసిన లెక్క ఉంది. చివర నాలుగు మాటలు: ఎత్తునుంచి పోస్తి, చెంబు తగలనియ్యలేదు. ఇది తీసేయమని మా పెదనాన్న కొడుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. అన్నా, అది మన ఇంటి సంగతి, ఉండనీ అన్నాను. పెద్దవాణ్ణి, చెప్తే వినవా అని ఫోన్ పెట్టేశాడు. ఆ పేజీ ఉన్నదున్నట్టు వేశాం.

మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే ఫొటోలు తీసి పంపండి. అసలు పుస్తకాలు పోస్టులో వేయకండి. పేర్ల సంగతి మాత్రం మీరే తేల్చుకుని పంపండి.

అవ్వ తీరిన బాకీ మీద అడ్డగీత కొట్టేది. గీత లేని పద్దు ఒక్కటే కనబడింది, అదీ ఇచ్చింది కాదు, తెచ్చుకున్నది: పక్కవీధి ఇంటి నుంచి విత్తనం జొన్నలు మూడు సేర్లు. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వచ్చే శ్రావణానికి ఊరు పోతున్నాను.