స్పర్శ సంగతి సంతకానికి ముందే చెప్పాలి

రొమ్ముల సైజు పెంచుకోవడానికో తగ్గించుకోవడానికో ఆపరేషన్‌కు వెళ్లేవారి ప్రశ్నలు చాలావరకు ఆకారం చుట్టూనే తిరుగుతాయి. ఎంత సైజు బాగుంటుంది, మచ్చ ఎక్కడ పడుతుంది, ఎన్నాళ్లకు పనిలోకి వెళ్లొచ్చు? చనుమొనకు స్పర్శ ఉంటుందా అని అడగడానికి వాళ్లకు మొహమాటం. అడగనిది చెప్పడానికి డాక్టర్లకు తీరిక ఉండదు. దాంతో ఆ సంగతి అంగీకార పత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, మత్తుమందు ప్రమాదాల తర్వాత ఎక్కడో ఒక ముక్కగా మిగులుతుంది. ప్రాణం కాపాడే ఆపరేషన్‌కు ఆ వరస చెల్లుతుందేమో. కోరి చేయించుకునే దానికి మాత్రం చెల్లదు.

అసలు స్పర్శ ఎందుకు పోతుందో చూద్దాం. 3, 4, 5 పక్కటెముకల దగ్గరి నుంచి వచ్చే నాడీ శాఖలు చనుమొనకు స్పర్శనిస్తాయి. వాటిలో ముఖ్యమైనది నాలుగో నాడి పక్కశాఖ. అది చంకకు దిగువన ఛాతీ పక్కనుంచి బయటికొచ్చి, చాలామందిలో ఛాతీ కండరంపై పొరను ఆనుకుని సాగి, రొమ్ము లోతుల్లోంచి పైకి మళ్లి చనుమొనను వెనకనుంచి చేరుతుంది. సైజు పెంచడానికి పెట్టే ఇంప్లాంట్ కోసం సర్జన్ లోపల జాగా చేసేది ఆ దారికి దగ్గరలోనే. జాగాను పక్కకు ఎక్కువగా జరిపితే నాడి దెబ్బతినవచ్చు. ఇంప్లాంట్ పెద్దదైతే నాడి సాగిపోతుంది. అంటే అద్దం ముందు నిలబడి ఎంచుకునే సైజు స్పర్శకు సంబంధించిన నిర్ణయం కూడా. తగ్గించే ఆపరేషన్‌లో సాధారణంగా చనుమొనను కొంత కణజాలంతో అంటిపెట్టి ఉంచే పైకి జరుపుతారు. రొమ్ములు మరీ పెద్దవైతే ఒక్కోసారి దాన్ని పూర్తిగా విడదీసి, చర్మాన్ని అతికినట్టు కొత్తచోట కుడతారు. అలా చేస్తే మునుపటి స్పర్శ మీద ఆశ పెట్టుకోలేం. విచిత్రమేమిటంటే, బరువుకు సాగిన నాడులు తేలికపడి కొందరికి స్పర్శ మెరుగవుతుంది కూడా. ఇంకొందరికి జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేనంత సున్నితం వస్తుంది.

ఇదంతా సుఖానికి సంబంధించిన గొడవేగా అని తీసిపారేసేవారున్నారు. సుఖమే అయినా తీసిపారేయదగ్గది కాదు. చనుమొన నుంచి వచ్చే సంకేతం మెదడులో ఛాతీకి చెందిన చోటుతోపాటు జననాంగాల స్పర్శను అందుకునే చోటునూ కదిలిస్తుందని అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో మెదడు స్కానింగులతో చూపించారు. పైగా బిడ్డ నోరు పట్టగానే పాలు చేపు రావాలంటే ఆ సంకేతం మెదడుకు చేరాలి. అప్పుడే ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ హార్మోన్లు విడుదలవుతాయి. ఇంకా పిల్లలు కనని ఇరవై ఏళ్ల అమ్మాయికి ఇది చెప్పకుండా సంతకం తీసుకుంటే, అది ఎరిగి పెట్టిన సంతకం ఎలా అవుతుంది?

డాక్టర్ల వైపు వాదనలోనూ బలముంది. మొద్దుబారడం చాలామందిలో కొన్ని నెలల్లో, కొందరిలో ఏడాదికి పైగా పట్టి, తగ్గిపోతుంది. ఎవరికి మిగిలిపోతుందో ముందుగా చెప్పలేం. అన్నీ ఏకరువు పెడితే పేషెంట్లు బెదిరిపోతారు. మన చట్టమూ ఈ భయాన్ని కొంత మన్నించింది. పేషెంట్ అంగీకారంపై నడిచిన సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో తీర్పిస్తూ, అరుదైన ప్రమాదాలన్నీ చెప్పి, అవసరమైన చికిత్సనే పేషెంట్ వద్దనేలా బెదరగొట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. ఆ మినహాయింపు నిలబడింది ‘అవసరమైన చికిత్స’ మీద. సొగసు కోసమే చేసే ఆపరేషన్‌ను పేషెంట్ వద్దంటే ఆరోగ్యానికి వచ్చే నష్టమేమీ లేదు కదా! వెన్నునొప్పి భరించలేక రొమ్ములు తగ్గించుకునేవారి సంగతి వేరు. వాళ్లలోనూ చాలామంది స్పర్శ తగ్గినా నొప్పి పోతే చాలనే అంటారు. అననీయండి, తెలిసి అననీయండి. అదే కేసులో పేషెంట్ మత్తులో ఉండగా తల్లి దగ్గర తీసుకున్న అంగీకారం చెల్లదని కూడా కోర్టు తేల్చింది. పక్కన అమ్మో అత్తగారో భర్తో కూర్చుని జవాబులిచ్చే మన కన్సల్టేషన్ గదుల్లో ఈ రెండో ముక్కను మరీ గుర్తుంచుకోవాలి. చనుమొన గురించి ఆమెతో ఏకాంతంగా మాట్లాడకపోతే, మాట్లాడనట్టే.

అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ఇంప్లాంట్లకు కఠినమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది. రిస్కుల చెక్‌లిస్టును పేషెంట్‌తో కలిసి చదివి ఇద్దరూ సంతకం చేయాలని నిబంధన పెట్టింది. అదీ కాగితమేగా అనొచ్చు. నిజమే, అందుకే కాగితంతో ఆగకూడదు. నైలాన్ పోగును చర్మానికి ఆనించి, అది వంగేదాకా నొక్కి, కళ్లు మూసుకున్న పేషెంట్‌కు తెలిసిందో లేదో అడిగే పరీక్ష ఒకటుంది. మధుమేహుల పాదాలకు మామూలుగా చేసేదే. దీన్ని ఆపరేషన్‌కు ముందొకసారి, తర్వాత కొన్ని నెలలకొకసారి చేసి రాసిపెడితే ఎవరికి ఎంత పోయిందో, ఎంత తిరిగొచ్చిందో తేలుతుంది. ‘ముందుగా చెప్పలేం’ అనే సర్జన్ తన పేషెంట్లలో ఏం జరిగిందో అప్పుడు చెప్పగలుగుతాడు. తమిళనాడు ప్రభుత్వం 2018లో చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లను ఉచితంగా మొదలుపెట్టింది. ప్రజల డబ్బుతో నడిచే ఇలాంటి చోట్లే ఆ లెక్క ముందు మొదలుకావాలి. ఆపరేషన్ ఆలోచనలో ఉన్నవారు అంతదాకా ఆగనక్కర్లేదు. ఈ పరీక్ష చేస్తారా, ఎంచుకున్న సైజుకూ కోతకూ స్పర్శ ఏమవుతుంది అని సర్జన్‌ను నేరుగా అడగండి. జవాబు దాటవేస్తే సంతకం వాయిదా వేయండి.