మూడో వంతు, నాలుగో వంతు

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కంటికి కనిపిస్తాయి. మూడోదైన సరస్వతి అంతర్వాహిని. 2025 మే 15 నుంచి 26 దాకా మన భూపాలపల్లి జిల్లాకు పుష్కర స్నానానికి వచ్చినవాళ్ళంతా మునిగింది ఆ కనిపించని నది పేరుతోనే. అది విశ్వాసం. దానికి కొలబద్ద పెట్టడం నా పని కాదు. అదే 2025ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ క్వాంటమ్ శాస్త్ర సాంకేతిక సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి గుర్తొచ్చింది: ఆ శాస్త్రంలో కూడా ఒక అంతర్వాహిని గురించి పెద్ద తగాదా నడిచింది. కాకపోతే అక్కడ, పైన పారే నీళ్ళను కొలిచి అడుగున ఏముందో తేల్చే ఉపాయం ఒకటి దొరికింది.

తగాదా పెట్టుకున్నది ఐన్‌స్టీన్. 1935లో పొడోల్‌స్కీ, రోజెన్‌లతో కలిసి ఒక వ్యాసం రాశాడు. రెండు కణాలు ఒకచోట కలిసి ఉండి, తర్వాత దూరంగా విడిపోయాయనుకోండి. ఇక్కడి కణాన్ని కొలిస్తే అక్కడిదాని సంగతి కచ్చితంగా తెలిసిపోతోంది. ఇక్కడ కొలిచినందువల్ల అంత దూరాన ఉన్నది మారదు కదా. అంటే ఆ గుణం దానికి ముందునుంచే ఉండాలి. క్వాంటమ్ సిద్ధాంతం ఆ మాట చెప్పలేకపోతోందంటే లోపం సిద్ధాంతానిదే. ఈ వాదన కింద రెండు నమ్మకాలున్నాయి: మనం చూసినా చూడకున్నా వస్తువుకు దాని గుణాలుంటాయి, ఇక్కడ చేసిన పని ప్రభావం కాంతికన్నా వేగంగా అక్కడికి చేరదు. రెండూ కలిపితే స్థానిక వాస్తవికత. ఇంగితం ఉన్నవాళ్ళెవరైనా ఈ పక్షానే నిలబడతారు.

చాలామంది భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని కాలక్షేపం కబురుగా పక్కన పెట్టారు. లెక్కలు సరిగ్గా వస్తున్నప్పుడు అడుగున ఏముంటే మనకేం అన్నది వాళ్ళ ధోరణి. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, జెనీవా దగ్గరి సెర్న్‌లో పనిచేసిన జాన్ బెల్ మాత్రం వదల్లేదు. ముందే రాసిపెట్టుకున్న జవాబులు ఉన్నా లేకపోయినా ప్రయోగ ఫలితం ఒకటే కాదనీ, తేడా అంకెల్లో పట్టుబడుతుందనీ 1964లో చూపించాడు.

ఆ లెక్కను అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెర్మిన్ 1981లో ఎంతో సులువు చేసి చెప్పాడు. కాస్త ఓపిక పట్టండి, కూడికలు వస్తే చాలు. జంటగా పుట్టిన రెండు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, చెరో దిక్కుకు పోతాయి. రెండు చివరలా ఒక్కో పోలరైజర్. దాన్ని 0, 60, 120 డిగ్రీల్లో ఏదో ఒక కోణానికి తిప్పి పెడతారు. వచ్చిన ఫోటాన్ దాటుతుంది, లేదా ఆగిపోతుంది. రెండు వైపులా ఒకే కోణం ఉంటే రెండు ఫోటాన్లూ ప్రతిసారీ ఒకే పని చేస్తాయి. కోణమేమో ఆఖరి క్షణంలో ఎంచుతాం, ఒకదానికొకటి కబురు పంపుకునే వ్యవధి ఉండదు. అయినా తప్పు పోకూడదంటే, ఏ కోణానికి ఏం చేయాలో రెండూ బయల్దేరేటప్పుడే ఖాయం చేసుకుని ఉండాలి.

సరే, ఖాయం చేసుకున్నాయనే అనుకుందాం. కోణాలు మూడు, జవాబులు రెండే రకాలు. అలాంటప్పుడు మూడు జవాబుల్లో కనీసం రెండు ఒకటే కాక తప్పదు. వేర్వేరు కోణాల జతలు మూడు, వాటిలో కనీసం ఒక జతకు జవాబులు కలుస్తాయి. కాబట్టి రెండు చివరలా వేర్వేరు కోణాలు పెట్టి వేలసార్లు చూస్తే, తక్కువలో తక్కువ మూడో వంతు సార్లు ఫోటాన్లు ఒకేలా ప్రవర్తించాలి. ముందే ఎలా రాసిపెట్టుకున్నా సరే, అంతకు తగ్గడం కుదరదు.

క్వాంటమ్ సూత్రం ప్రకారం వచ్చేది నాలుగో వంతు.

ఇంత చిన్న తేడా మీద ఐన్‌స్టీన్ నమ్మకం నిలబడి ఉంది. 1972లో బర్కిలీలో జాన్ క్లాసర్, స్టువర్ట్ ఫ్రీడ్‌మన్ మొదటిసారి కొలిచి చూశారు. తమాషా ఏమిటంటే, క్లాసర్ ఐన్‌స్టీనే గెలుస్తాడనుకున్నాడు. 1982లో పారిస్ దగ్గర అలెన్ ఆస్పే, ఆ తర్వాత ఆంటన్ జైలింగర్ బృందాలు ఇంకా గట్టిగా పరీక్షించాయి. 2015లో డెల్ఫ్‌ట్‌లో కొలత పరికరాల మధ్య దూరం 1.3 కిలోమీటర్లు, ఆ దూరం దాటడానికి కాంతికి పట్టే 4.3 మైక్రోసెకన్లలోపే కొలతలు ముగించేశారు. అన్నిచోట్లా క్వాంటమ్ సూత్రమే నెగ్గింది. క్లాసర్, ఆస్పే, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. బెల్ 1990లోనే పోయాడు.

అయితే తేలిందేమిటో జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆ రెండు నమ్మకాలూ కలిసి నిలవవని తేలింది, అంతే. ఏది వదులుకోవాలో ప్రయోగం చెప్పలేదు. 1952 నాటి డేవిడ్ బోమ్ సిద్ధాంతంలో కణాలకు స్థానాలు ఎప్పుడూ ఉంటాయి, కానీ ఒకదాని ప్రభావం మరోదానికి చేరడానికి దూరం అడ్డురాదు. ఆ అంతర్వాహినిని బెల్ లెక్క కొట్టివేయదు. ‘మనసు చూస్తేనే ప్రపంచం ఉంటుంది’ అని మాత్రం ఏ ప్రయోగమూ అనలేదు. కోణాన్ని యంత్రం ఎంచి, ఫలితాన్ని యంత్రమే రాసుకుంటే కూడా అంకెలు అవే. ఈ జంట కణాలతో కబురు పంపడం కూడా కుదరదు: ఒక చివర కనిపించేది ఎప్పుడూ బొమ్మాబొరుసు వరసే, రెండు చివరల పట్టికలూ పక్కపక్కన పెడితేనే పొంతన తెలుస్తుంది. కాబట్టి క్వాంటమ్ హీలింగ్ అనీ, దూరం నుంచి రోగం కుదురుస్తామనీ డబ్బు గుంజేవాళ్ళకు బెల్ పేరు చెప్పే హక్కు లేదు. క్వాంటమ్ సిద్ధాంతం కట్టినవాళ్ళలో ఒకడైన ష్రోడింగర్ ఉపనిషత్తులు చదివాడు, నిజమే. 1926లో ఆయన రాసిన సమీకరణంలో మాత్రం ఉపనిషత్తు లేదు.

అసలైన ఉపయోగం చూడాలంటే హైదరాబాద్ చాలు. 2020 డిసెంబరులో డీఆర్‌డీఓ తన రెండు ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐల మధ్య ఒక్కో ఫోటాన్‌తో రహస్య కీని ఆప్టికల్ ఫైబర్‌లో పంపింది. 12 కిలోమీటర్లకు పైగా దూరానికి భద్రత సరిపోతుందని చూపింది. మధ్యలో దొంగచాటుగా వినబోయేవాడిని పట్టుకోవడం కూడా పరీక్షించింది. అక్కడ బెల్ పరీక్ష చేయలేదు, ఆసరా కొలత స్వభావమే: తెలియని ఫోటాన్ స్థితిని కొలవబోతే అది చెదురుతుంది, దొంగ ఆనవాలు మిగులుతుంది. 1991లో భౌతిక శాస్త్రవేత్త ఆర్టర్ ఎకర్ట్ ఈ సంగతిని నేరుగా బెల్ లెక్కకే ముడిపెట్టాడు. జవాబు ముందే ఎక్కడా రాసి లేకపోతే దొంగ ఏం నకలు చేసుకుంటాడు?

ఇంతా చేసి, కొలత అంటే ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది. ష్రోడింగర్ సమీకరణం ప్రకారం అవకాశాలన్నీ కలిసే సాగుతాయి. డిటెక్టర్ దగ్గర మాత్రం ఒక్క జవాబే టక్కుమంటుంది. ఆ డిటెక్టర్ కూడా అణువుల ముద్దే కదా, దానికి వేరే చట్టం ఎందుకు? ఆ గీత ఎక్కడ గీయాలి? చనిపోయిన ఏడాదే అచ్చయిన వ్యాసంలో బెల్, భౌతిక శాస్త్ర మూలసూత్రాల్లోంచి ‘కొలత’ అన్న మాటనే వెళ్ళగొట్టాలన్నాడు. ముప్పై ఐదేళ్ళు దాటినా ఆ గీత మీద శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. నోబెల్ కమిటీ బహుమతిచ్చింది ప్రయోగాలకు, ఈ ప్రశ్నకు జవాబుకు కాదు.

ఆ ప్రశ్న తేలకపోయినా పనులు ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు ఆమోదించింది. అమరావతిలో ఐబీఎం వాళ్ళ 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించారు. మంచిదే. ఆ యంత్రాల దగ్గర పనిచేయాల్సిన పిల్లలు ఇప్పుడు భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ కాలేజీల బెంచీల మీద ఉన్నారు. అక్కడ ఫిజిక్స్ చెప్పే లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఒక పీరియడ్ తీసుకుని ఈ మూడు కోణాల లెక్క బోర్డు మీద వేయండి. జవాబు మీరు చెప్పేయకుండా, మూడో వంతుకన్నా తగ్గించి చూపమని పిల్లలనే సవాలు చేయండి.