వేషాల ఆట

పిల్లలూ! మన మార్టూరు వైపు పల్లెలకు పూర్వం పగటివేషగాళ్ళు వచ్చేవారు. ఇప్పుడు మీరే సెల్‌ఫోనులో రాజు వేషమో, మాంత్రికుడి వేషమో వేసి, ఎక్కడెక్కడి వాళ్ళతోనో ఆడుతున్నారు గదా! ఇటువంటి ఆటను 1978లో ఇంగ్లండులో, ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో ట్రబ్‌షా, బార్టిల్ అనే విద్యార్థులు తయారుచేశారు. అందులో బొమ్మలే లేవు, అంతా మాటలే!

ఆడేవారిని బార్టిల్ 1996లో పేకముక్కలతో పోల్చాడు. (పేకాట నేర్పటం లేదు లెండి!) నిధులు కూడబెట్టేవారు డైమన్లు, మూలమూలలా తవ్వి చూసేవారు ఇస్పేట్లు, ఎదుటివాణ్ణి పడగొట్టి మురిసేవారు కళావర్లు, స్నేహం కోరేవారు ఆఠీన్లు. ఈ ఆఠీన్ల సరదాయే ఎక్కువకాలం నిలుస్తుందని నాకు తోస్తుంది.

పెద్దలకు ఒక మాట. అన్నానికి పిలిస్తే అబ్బాయి వెంటనే లేవడెందుకు? అతను లేచినా ఆ ఆట ఆగదు. జట్టువాళ్ళు చిక్కుల్లో పడతారు. కోప్పడేముందు, "నువ్వు ఏ ముక్కవురా?" అని అడిగి చూడండి. ఆఠీనయితే, భోజనం వేళ జట్టుకు ముందే చెప్పి వుంచమంటే చాలు, లేస్తాడు. డైమను సంగతి మటుకు కాస్త కష్టమే!