విడతల లెక్కలో లేని విల్లియనూరు

పుదుచ్చేరి నుంచి విళుపురం పోయే రోడ్డుమీద, పట్నానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో విల్లియనూరు ఉంది. తిరుకామీశ్వరుని కోవెల, లూర్దు మాత చర్చి, ఒక రైల్వే స్టేషను గల చిన్న ఊరు. ఆ కోవెల రథాన్ని ఫ్రెంచివారి హయాంలో గవర్నరే స్వయంగా పట్టి లాగేవాడట. లెఫ్టినెంట్ గవర్నర్లూ ఆ ఆనవాయితీని నిలుపుతూ వచ్చారు.

యానానికి చెందిన నా మిత్రుడొకరు ఉద్యోగరీత్యా ఆ ఊళ్ళో ఒక మేడమీద అద్దెకుంటున్నారు. విద్యుత్ స్కూటరు కొన్నారు. రాత్రిళ్ళు కిటికీలోనుంచి తీగ కిందికి వదిలి ఛార్జి చేసుకుంటున్నారు. వాన పడినా, ఇంటివారి మనసు మారినా అంతే సంగతులు. "ఢిల్లీలో ఉన్నారు గదా, మాబోటి ఊళ్ళ గురించి ఏమనుకుంటున్నారో కనుక్కోండి" అని నాకు రాశారు.

కనుక్కున్నాను. విద్యుచ్ఛక్తి శాఖ 2018 డిసెంబరులో మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. నగరాలలో మూడేసి కిలోమీటర్ల చదరానికి ఒక కేంద్రం, రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకూ ఇరువైపులా ఒకటి అన్నది. చూడముచ్చటగా ఉంది. అయితే అమలు క్రమంలో మొదటి విడత 40 లక్షలకు మించిన జనాభా గల మహానగరాలది. రెండవ విడత రాష్ట్ర రాజధానులది, కేంద్రపాలిత ప్రాంతాల ముఖ్యపట్టణాలది. పుదుచ్చేరి పట్నానికి ఆ విధంగా చోటు దక్కింది. విల్లియనూరుకుగాని, అదే ప్రభుత్వం కింద ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మన యానానికిగాని పేరు పెట్టి చెప్పిన విడత లేదు.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకం మొత్తం 10,900 కోట్ల రూపాయలు. అందులో ఛార్జింగు కేంద్రాలకు 2,000 కోట్లు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల కోసమే 48,400 ఛార్జర్లన్నారు. సంతోషమే. కాని ఎక్కడ? విద్యుత్ వాహనాలు అధికంగా ఉన్న ఎంపిక చేసిన నగరాలలోనట, ఎంపిక చేసిన రహదారులపైనట! వాహనాలుంటేనే కేంద్రం, కేంద్రం లేనిదే వాహనం కొనడానికి జంకు. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సామెత ఇందుకే పుట్టినట్లుంది.

వాడేవారు లేనిచోట నిలబెట్టిన యంత్రం తుప్పు పడుతుందన్న వాదం తోసిపుచ్చదగ్గది కాదు. అయితే సొంత ఇల్లు, కారుషెడ్డు ఉన్నవానికి వీధిలోని ఛార్జరుతో నిత్యం పనేముంది? దాని అవసరమల్లా అద్దె ఇంటివానికి, ఆటో నడుపుకునేవానికి. వారికి లక్షలు ఖరీదు చేసే అతివేగపు యంత్రాలక్కరలేదు. స్టేషను దగ్గర, కమ్యూను పంచాయతీ కార్యాలయం దగ్గర, కోవెల వీధిలో 3.3 కిలోవాట్ల చిన్న పాయింట్లు నాలుగు చాలు. వాహనానికి ఛార్జి చేయడం విద్యుత్ విక్రయం కాదు, లైసెన్సు అక్కరలేదు అని కేంద్రమే 2018 ఏప్రిలులో తేల్చింది. కనుక పంచాయతీయే పూనుకోవచ్చు.

డబ్బు మాట వేరు. కేంద్రపాలిత ప్రాంతాల విద్యుత్ పంపిణీని ప్రైవేటుపరం చేస్తామని 2020 మేలో కేంద్రం ప్రకటించింది. 2022లో పుదుచ్చేరిలో టెండర్లు పిలవగా సిబ్బంది సమ్మెకు దిగారు. అటువంటి పేచీ నడుమ నాలుగు సాకెట్ల సంగతి ఎవరికి పడుతుంది? పుదుచ్చేరి పక్షాన ఢిల్లీలో అడగడానికి లోక్‌సభలో ఒకరు, రాజ్యసభలో ఒకరు, ఇద్దరే సభ్యులు. ఆ 2,000 కోట్లలో చిన్న ఊళ్ళ వాటా ఎంత అని వారు అడగాలి. పథకం గడువును 2028 మార్చి వరకు పొడిగించారు గనుక అడిగే వ్యవధి ఉంది.

ప్రస్తుతానికి ఆ తీగకు మంచి గొట్టం తొడిగించుకోమని మాత్రం మిత్రునికి రాశాను.