ఆయుధం ఎవరి పేరున?

అమెరికాలో మన జిల్లాలవారు లేని పెద్ద నగరం నేడు అరుదు. అక్కడి మస్జిదుల నిర్వహణ సంఘాలలో మన కుటుంబాల పిల్లలు సభ్యులుగా ఉన్నారు. ఏదో ఒక ప్రార్థనాలయం మీద కాల్పులు జరిగిన వార్త వచ్చిన ప్రతిసారీ వారి మధ్య ఒక చర్చ లేస్తుంది. రక్షణ కొరకు సంఘం పేరున ఆయుధం తీసుకోవచ్చునా? తీసుకుంటే దానిని ఒక వ్యక్తి పేరున నమోదు చేయించాలా, కంపెనీ పేరుననా, ట్రస్టు పేరుననా? ఆ చర్చ ఫోనుల ద్వారా ఇక్కడి తల్లిదండ్రుల దాకా వస్తున్నది. ఏమి సలహా చెప్పాలో తెలియక పెద్దలు కలత చెందుతున్నారు. జీవితమంతా ప్రభుత్వ రికార్డుల మధ్య గడిపిన అనుభవంతో, సమాజ సేవలో నేర్చుకున్న కొద్దిపాటి జ్ఞానంతో ఈ విషయమై మా అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో సాధారణ పిస్తోలుకు, రైఫిలుకు కేంద్ర ప్రభుత్వ స్థాయిలో నమోదు లేదు. కొన్ని రకాల ఆయుధాలకు మాత్రం ఉంది. మద్యనిషేధ కాలంలో అక్కడి నేరస్థుల ముఠాలు మెషిన్‌గన్లతో వీధులను రక్తసిక్తం చేశాయి. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చివేసిన ఘటన దేశమంతటినీ కదిలించింది. ఆ పరిస్థితులలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వ కాలంలో, 1934లో, జాతీయ తుపాకుల చట్టం వచ్చింది. మెషిన్‌గన్లు, గొట్టం 16 అంగుళాలకన్న కురచైన రైఫిళ్లు, 18 అంగుళాలకన్న కురచైన షాట్‌గన్లు, శబ్దాన్ని అణచే సైలెన్సర్లు, గ్రెనేడ్ల వంటి విధ్వంసక సాధనాలు నేడు ఈ చట్టం పరిధిలో ఉన్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ కేంద్ర రిజిస్టరులో ఎక్కవలసిందే. తయారు చేయాలన్నా, చేతులు మారాలన్నా ముందుగా దరఖాస్తు పెట్టి అనుమతి పొందాలి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. 1986 మే తరువాత తయారైన మెషిన్‌గన్లను సాధారణ పౌరుల పేరున నమోదు చేయడం పూర్తిగా నిలిచిపోయింది. పైగా కొన్ని రాష్ట్రాలు వీటిలో కొన్నింటిని తమ పరిధిలో నిషేధించాయి.

ఈ రిజిస్టరులో పేరు మూడు విధాలుగా ఎక్కవచ్చు. వ్యక్తి పేరున నమోదైతే ఆ ఆయుధం ఆ ఒక్కరి అధీనంలోనే ఉండాలి. ఆయన లేనప్పుడు భార్య చేతికో కుమారుని చేతికో అప్పగించడం నేరమయ్యే ప్రమాదం ఉంది. కంపెనీ పేరున నమోదైతే ఆయుధం కంపెనీ ఆస్తి; కంపెనీ మూతపడితే మళ్లీ బదిలీ దరఖాస్తు తప్పదు. ట్రస్టు పేరున నమోదైతే అందులో ధర్మకర్తలుగా పేర్కొన్నవారు పలువురు దానిని ఉంచుకోవచ్చు. ఒకరు మరణించినా తరువాత ఎవరికి చెందాలో ముందే రాసి ఉంటుంది. అందువలననే అక్కడ అనేకులు ట్రస్టు మార్గాన్ని ఎంచుకున్నారు.

అయితే దీనికి మరొక కారణం కూడా ఉన్నది. దానిని మన పాఠకులు శ్రద్ధగా గమనించాలి. 2016 వరకు వ్యక్తిగా దరఖాస్తు చేసేవాడు వేలిముద్రలు, ఛాయాచిత్రం సమర్పించి, స్థానిక పోలీసు అధిపతి సంతకం కూడా తెచ్చుకోవలసి ఉండేది. ట్రస్టుకు, కంపెనీకి ఈ మూడూ అవసరం లేదు. ఒకే ఆయుధం, ఒకే చట్టం. కాని మనిషి తన పేరుతో వస్తే ఒక ద్వారం, కాగితం మీద పుట్టిన సంస్థ పేరుతో వస్తే మరొక ద్వారం. మొదటి దాని దగ్గర కావలి ఉంది, రెండవది తెరిచి ఉంది.

అలా వెళ్లినవారందరూ దుర్మార్గులని మేము అనడం లేదు. ఆ పోలీసు అధిపతి సంతకం పెట్టి తీరాలన్న నియమం లేదు. ఆయనకు ఇష్టమైతే పెడతాడు, లేకుంటే పెట్టడు; కారణం చెప్పనవసరం లేదు. అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన సంతకం ఎవరికి సులభంగా దొరుకుతుందో, ఎవరిని గుమ్మం దగ్గర నిలబెడుతుందో మన సమాజానికి ఒకరు చెప్పనక్కరలేదు. అద్దె ఇల్లు, బ్యాంకు రుణం, పాస్‌పోర్టు విచారణ — వీటన్నిటిలోనూ మనవారికి ఆ అనుభవం ఉంది. 1878 నాటి బ్రిటిషు ఆయుధ చట్టం కింద భారతీయుడు లైసెన్సు కొరకు తిరగవలసి వచ్చేది. తెల్లవారికి మాత్రం మినహాయింపు ఉండేది. చట్టం పేరు భద్రత, పని వివక్ష.

2016 జూలై 13న అమలులోకి వచ్చిన కొత్త నియమం ఈ రెండు లోపాలనూ ఒకేసారి సరిచేసింది. ట్రస్టులో గాని కంపెనీలో గాని ఆయుధం మీద అధికారం గల ప్రతి బాధ్యుడూ తన వేలిముద్రలు, ఛాయాచిత్రం ఇచ్చి పూర్వచరిత్ర విచారణకు లోబడాలని శాసించింది. మరొక వైపు పోలీసు అధిపతి సంతకాన్ని తొలగించింది. ఆయనకు సమాచారం పంపితే చాలును. అనగా సంస్థ ముసుగు తొలగింది, అధికారి దయాదాక్షిణ్యాలూ తొలగాయి. అల్పసంఖ్యాకుల హక్కుల దృష్టితో చూస్తే ఇదే సరియైన మార్గమని మేము నమ్ముతున్నాము. విచారణ కఠినంగా ఉండాలి. అందరికీ ఒకటే కావాలి. ఎవరి ముఖం చూసి మారకూడదు. కాఠిన్యం వేరు, వివక్ష వేరు. మనం వ్యతిరేకించవలసినది రెండవదానిని మాత్రమే.

అయినా పని పూర్తి కాలేదు. అనుమతి వచ్చిన తరువాత ట్రస్టులో కొత్త ధర్మకర్తను చేర్చుకుంటే, అతని వేలిముద్రలను వెంటనే పంపాలన్న నిబంధనను తుది నియమంలో చేర్చలేదు. మరొక ఆయుధానికి దరఖాస్తు పెట్టినప్పుడే ఆ మనిషి విచారణకు వస్తాడు. ఇక 1934 నుండి తొంబై ఏళ్లకు పైగా మారని 200 డాలర్ల పన్ను సైలెన్సర్లకు, కురచ గొట్టపు తుపాకులకు 2026 జనవరి 1 నుండి సున్నా అయింది. పన్నే లేనప్పుడు నమోదు మాత్రం ఎందుకని అక్కడి న్యాయస్థానాలలో దావాలు వేశారు. ఒకప్పుడు ఆ పన్ను పెద్ద మొత్తం, అదే ఒక అడ్డుగోడ. నేడు ఆ గోడ లేదు. మిగిలినది రిజిస్టరు ఒక్కటే. ఆ రిజిస్టరు కూడా పోవాలనడం మాకు సమ్మతం కాదు.

ఇది పరాయి దేశపు కాగితాల గొడవ, మనకేమి సంబంధమని కొందరు అడగవచ్చు. సంబంధం ఏమిటో న్యూజీలాండు చెబుతుంది. 2019 మార్చి 15, శుక్రవారం నాడు క్రైస్ట్‌చర్చి నగరంలోని రెండు మస్జిదులలో 51 మందిని ఒక దుండగుడు బలిగొన్నాడు. మృతులలో హైదరాబాదు బిడ్డలూ ఉన్నారు. అతడు దొంగ తుపాకులు తెచ్చినవాడు కాడు. 2017లో లైసెన్సు పొందినవాడు. ఆ దేశంలో అప్పటికి లైసెన్సు మనిషికే గాని, సాధారణ తరగతి తుపాకులను ఒక్కొక్కటిగా లెక్కించే రిజిస్టరు లేదు. ప్రత్యేక అనుమతి కావలసిన తరగతి ఒకటి ఉండేది. కాని సాధారణ తరగతి తుపాకికి పెద్ద మ్యాగజైను బిగిస్తే అది ఆ తరగతిలోకి మారిపోయేది; ఆ మ్యాగజైనును మాత్రం ఎవరైనా కొనవచ్చు. లైసెన్సు కొరకు అతని నడతకు హామీ పలికినవారు అతనిని నిజంగా ఎంత ఎరుగుదురన్నది పోలీసులు సరిగా విచారించలేదని 2020లో రాయల్ కమిషన్ తేల్చింది. ఆ తరువాత చట్టాలు మారాయి. ప్రతి తుపాకినీ లెక్కించే రిజిస్టరు 2023 జూన్‌లో ఆరంభమైంది. ఫారములో ఒక గడి ఖాళీగా వదిలితే, విచారణలో ఒక ప్రశ్న అడగకుండా విడిచిపెడితే, దాని మూల్యం నమాజు వరుసలో నిలబడినవారు చెల్లించవలసి రావచ్చు. ఆయుధాల రిజిస్టరు కచ్చితంగా ఉండాలని కోరడానికి మనకన్న ఎక్కువ కారణం ఎవరికి ఉన్నది?

సంస్థ పేరున నమోదు అంటే ఏమిటో మనకు మరొక విధంగా కూడా తెలుసు. వక్ఫు భూమి అల్లాహ్ పేరున ఉంటుంది. దాని బాధ్యత మాత్రం ముతవల్లీ అనే మనిషిది. ముతవల్లీ పేరు రిజిస్టరులో స్పష్టంగా ఉండి, అతనిని లెక్క అడిగేవారు ఉన్నచోట ఆ ఆస్తి నిలిచింది. పేరు చెరిగిపోయి, అడిగేవారు లేకపోయినచోట అంగుళం అంగుళంగా కరిగిపోయింది. భూమి విషయంలో జవాబుదారీ లోపిస్తే నష్టపోయేది ఆస్తి. ఆయుధం విషయంలో లోపిస్తే పోయేది ప్రాణం. ఎవరి వస్తువో తెలియని భూమికన్న, ఎవరి చేతిలో ఉందో తెలియని ఆయుధం ఎన్నో రెట్లు ప్రమాదకరం. అందరిదీ అనుకున్నది చివరకు ఎవరిదీ కాదు.

కనుక విదేశాలలోని మన బిడ్డలకు మా సలహా ఇది. సాధారణ ఆత్మరక్షణ హక్కు అక్కడి చట్టం అందరికీ ఇచ్చినట్టే మీకూ ఇచ్చింది. దానిని కాదనే అధికారం మాకు లేదు. కాని ఈ నియంత్రిత ఆయుధాలను మస్జిదు సంఘం పేరున గాని, దాని ట్రస్టు పేరున గాని నమోదు చేయించకండి. సంఘం సభ్యులు రెండేళ్లకు ఒకసారి మారవచ్చు. ఆయుధం మాత్రం అక్కడే ఉంటుంది. తాళపు చెవి ఎవరి దగ్గర ఉందో కూడా కొత్తవారికి తెలియని రోజు వస్తుంది. మరొక మాట. విద్యార్థి వీసా మీద, ఉద్యోగ వీసా మీద వెళ్లినవారికి అమెరికా కేంద్ర చట్టం కొద్ది మినహాయింపులతో తుపాకి ఉంచుకోవడాన్నే నిషేధించింది. అటువంటి యువకుడు మొహమాటానికి ధర్మకర్తగా సంతకం చేస్తే అతని చదువు, ఉద్యోగం, ఆ దేశంలో నివాసం అన్నీ ఒక్క సంతకంతో ప్రమాదంలో పడతాయి. ఇక్కడి తల్లిదండ్రులు ఫోనులో క్షేమసమాచారాలు అడిగేటప్పుడు ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: చదవకుండా ఏ ట్రస్టు పత్రం మీదా సంతకం చేయవద్దు, అక్కడి న్యాయవాదిని అడగకుండా ముందుకు పోవద్దు.

ఇతరులు ఆయుధాలు పట్టుకొని తమ ఆలయాలను కాచుకుంటూ ఉంటే మనం మాత్రం చేతులు ముడుచుకోవాలా అని ఆవేశపడేవారు ఉంటారు. వారి బాధను మేము తేలికగా తీసుకోవడం లేదు. కాని శబ్దం రాని తుపాకి, కురచ గొట్టపు తుపాకి ప్రార్థనాలయ రక్షణకు అవసరమైన సాధనాలు కావు. గట్టి తలుపులు, కెమెరాలు, శిక్షణ పొంది లైసెన్సు గల కాపలాదారు, పోలీసులతో ముందుగానే ఏర్పరచుకున్న సంబంధం — ఇవి ప్రాణాలు కాపాడతాయి. ఇటువంటి ఏర్పాట్లకు ప్రార్థనాలయాలతో సహా లాభాపేక్ష లేని సంస్థలకు సహాయం చేసే కేంద్ర గ్రాంటు పథకం అమెరికాలో ఉంది. దానికి దరఖాస్తు చేయడం కూడా హక్కును వినియోగించుకోవడమే.

మన హక్కుల కార్యకర్తలకు చివరి మనవి. మన దేశంలోనైనా, మన బిడ్డలున్న దేశంలోనైనా ఆయుధ చట్టాల చర్చ వచ్చినప్పుడు మౌనంగా ఉండవద్దు. రెండు కోరికలను కలిపి కోరండి. ఆయుధం ఏ సంస్థ పేరున ఉన్నా దాని వెనుక విచారణకు నిలిచిన మనిషి పేరు రిజిస్టరులో ఉండాలి. ఆ విచారణ మతం చూడకుండా, ఇంటిపేరు చూడకుండా, అందరికీ ఒకే కొలతతో జరగాలి. మొదటిది లేకుంటే మన ప్రాణానికి భద్రత లేదు. రెండవది లేకుంటే మన గౌరవానికి భద్రత లేదు. ఒకదాని కొరకు మరొకదానిని వదులుకోవలసిన అవసరం మనకు లేదు.