ఎన్నికల వేళ మన సాక్ష్యం



ఎన్నికలు దగ్గరపడితే మన మందిరాల ముందు ప్రచార వాహనాలు ఆగుతాయి. కండువాలతో వచ్చిన అభ్యర్థులు పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకుంటారు. ప్రార్థన ఎవరికైనా చేస్తాం, చేయాలి కూడా. ప్రసంగ వేదికను మాత్రం ఏ పార్టీకీ అప్పగించలేం. మతం పేరిట ఓట్లు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం సంగతి అలా ఉంచితే, బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరం గుర్తుచేసుకుందాం. తమను చెరపట్టిన పట్టణపు క్షేమాన్నే కోరమన్నాడాయన! ఈ సంచికలోని రచనలన్నీ ఆ మాట చుట్టూ అల్లుకున్నవే. ఓటుకు నోటు తీసుకున్న ఇంట్లో మన సాక్ష్యానికి బలమెక్కడిది? వేరే పార్టీవాడని పొరుగువాడితో మాటలు మానేస్తే, అతనికి క్రీస్తు ప్రేమను ఏ నోటితో చెబుతాం?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు నేటికీ ఎస్సీ హోదా లేదు. ఆ న్యాయం కోసం అభ్యర్థులను నిలదీద్దాం. అదే గొంతుతో మన వీధిలోని హిందూ, ముస్లిం కుటుంబాల మంచినీళ్ల గురించీ అడుగుదాం.

పోలింగుకు ముందు వచ్చే ఆదివారం ఈ సంచికను సంఘంలో కలిసి చదవండి. మీ చర్చల్లో తేలిన విషయాలు మాకు రాయండి.